చాప మీద పరిచిన శాలువ

మైపాడులో మే నెల ఎండలో కూర్చుని శాలువ అల్లుతున్నానంటే నవ్వనివాళ్ళు లేరు. "టీచరమ్మకు ఎండదెబ్బ తగిలినట్టుండాది" అని మా వీధి మొదట్లో అంగడి పెట్టుకున్న ముసలమ్మ అన్నదట. అననీ. అంగన్‌వాడీలో ఊరందరి పిల్లల ముక్కులూ తుడిచి, ఆ పిల్లలకు పుట్టిన పిల్లల ముక్కులు కూడా తుడిచి రిటైరైనదాన్ని. ఈ ఊరి నవ్వులకు జడుస్తానా? పైగా ఈ వనజాక్షికి ముక్కు మీద కోపమని అందరికీ తెలుసు కాబట్టి, ఎదురుగా వచ్చి నవ్వే ధైర్యం ఎవరూ చేయలేదు.

శాలువ మా తమ్ముడు చిన్నపోలయ్యకు. మా వీధిలో వాడంత బాగా వల కట్టేవాడు లేడని ఒకప్పుడు పేరు. కిందటేడు వాడి కిడ్నీలు పనిచేయడం మానేశాయి. అప్పటినుంచి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. వాడి భార్య చెంచమ్మ పొద్దున్నే చేపల గంప ఎత్తుకుని పోకపోతే ఇల్లు గడవదు. అందుకని వాడితో బస్సెక్కేది నేనే.

డయాలసిస్ కోసం వాడి ఎడమ చేతికి చిన్న ఆపరేషను చేశారు. ఆ చేత్తో బరువులెత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది. బరువులెత్తొద్దంటే ఏ పనీ చేయొద్దని మా వాడు అర్థం చేసుకున్నాడు. అర్థం చేసుకున్నాడో, అలా అనుకోవడమే సుఖమనిపించిందో తెలియదు. పడవ ఎక్కడం ఎటూ పోయింది. వల ముట్టుకోవడం కూడా మానేశాడు. కుర్రాళ్ళు ఎవరైనా చిరిగిన వల పట్టుకొస్తే "నాకు చేతగాదు, పోండి" అని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలైంది. ఏటా ఉండేదే. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు పడవలన్నీ ఒడ్డుకెక్కుతాయి. మగవాళ్ళు నీడపట్టున వలలు పరుచుకుని చిరుగులు వెతికి కట్టుకుంటూ కూర్చుంటారు. ఆ రోజుల్లో ఒకసారి ఆసుపత్రి నుంచి తిరిగొస్తుంటే బస్సులో మా వాడు మెల్లగా అన్నాడు.

"అక్కా, పడవలు ఒడ్డున ఉన్నంతకాలం వస్తా. అవి కడలిలోకి పొయ్యినాక నన్ను ఇడిసిపెట్టెయ్."

"ఇడిసిపెట్టేదేందిరా?"

"ఆస్పత్రికి రాను. ఇప్పుడంటే అందరూ ఖాళీగా ఉండారు, నేనూ ఉండా. రేపు వాళ్ళు వేటకు పోతే నేను మంచం మీద కూసోని ఏం చెయ్యాలా? దేనికోసం ఆ మిషన్ కాడ ఆ వణుకుడు పడాలా?"

"చెంప పగలగొడతా" అన్నాను. ముందు సీట్లోవాళ్ళు తిరిగి చూశారు. కానీ డయాలసిస్ మానేస్తే మనిషి ఎన్నాళ్ళు ఉంటాడో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వీడు కోపంతో అనే మనిషి కాదు. మెల్లగా అన్నాడంటే నిర్ణయించుకున్నాడన్నమాట.

ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. పడవల సంగతి నా చేతుల్లో లేదు. వాడి కిడ్నీలూ నా చేతుల్లో లేవు. వాడన్న మాటల్లో నేను చేయగలిగింది ఏదైనా ఉందంటే ఆ వణుకు ఒక్కటే. బయట నిప్పులు కురుస్తుంటే లోపల ఏసీలో, ఒంట్లో రక్తమంతా గొట్టాల్లో తిరిగి వస్తుంటే, మా వాడు పళ్ళు బిగబట్టుకుని వణికిపోతాడు. దుప్పటి కప్పుతారు. కానీ సూదులు గుచ్చిన చెయ్యి బయట పెట్టాలి కదా, దుప్పటి భుజం మీద నిలవదు. మెడ దగ్గర నుంచి చలి దూరుతుంది.

సరిగ్గా ఆ వారమే కరుణాకుమారి ఊలు ఉండలు పట్టుకొచ్చింది.

కరుణాకుమారి నెల్లూరు మనిషి. ఆమె భర్త మాథ్యూ మంచం మా వాడి మంచానికి ఆనుకునే ఉంటుంది. లోపల వాళ్ళిద్దరూ సముద్రం గురించీ, ఆటోల గురించీ కబుర్లు చెప్పుకుంటారు. ఆయన ఆటో నడిపేవాడు. బయట హాల్లో మేము ఆడవాళ్ళం నాలుగ్గంటలు గోడ గడియారం చూస్తూ కూర్చుంటాం. కరుణాకుమారి మిషన్ హాస్టల్లో చదువుకునే రోజుల్లో అల్లిక నేర్చుకుందట. గడియారం చూడకుండా ఏదో ఒకటి అల్లుతూ ఉంటుంది.

"వందనాలక్కా" అంటూ వచ్చి సంచీ బెంచీ మీద బోర్లించింది. "ఈ వేసవిలో మనందరం తలా ఒక శాలువ అల్లుదాం. మూడు మూలలది. భుజాల చుట్టూ వేసి ముందు ముడేస్తే చెయ్యి బయటే ఉంటుంది, చలీ దూరదు. నేను నేర్పిస్తా. జూన్‌లో బళ్ళు తెరిచాక వచ్చే శుక్రవారానికి అందరూ పూర్తి చేసి తీసుకురావాలి. ఎంతవరకు వచ్చిందో ఎప్పటికప్పుడు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. వేట మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. పడవలు పోయేనాటికి వీడి భుజాల మీద వెచ్చగా ఒక శాలువ ఉంటే వణుకు తగ్గుతుంది, వణుకు తగ్గితే మనసు మారుతుంది. ఇదీ నా లెక్క. పిచ్చి లెక్కే కావచ్చు, అప్పుడు నాకున్నది అదే.

కరుణాకుమారి ఫోనులో రకరకాల శాలువలు చూపించింది. అందరూ సాదావి ఎంచుకున్నారు. నా కన్ను ఒకదాని మీద పడింది. ఒళ్ళంతా ఆకులు. ఆకులంటే అద్దినవి కాదు, కుట్టినవి కాదు. అల్లికలోనే వరుసగా చిన్న చిన్న కన్నాలు వదులుకుంటూ పోతే ఆ కన్నాలే ఆకులై కనిపిస్తాయి.

"వనజక్కా, మీకు ఇదే మొదటిది కదా" అంది కరుణాకుమారి మెత్తగా. "సాదాది తీసుకోండి. అన్నీ ఒకే రకం కుట్లు, కళ్ళు మూసుకుని అల్లెయ్యొచ్చు."

"అంటే నాకు చేతగాదనా?"

"అయ్యో, అట్లా అనలేదక్కా."

"మరి ఈ ఆకులది ఎవరికి?"

"మాథ్యూకి నేను అది అల్లుదామనుకుంటున్నా. అది కొంచెం కష్టం. ఒక్క కన్నం తప్పితే ఆకు వంకరపోతుంది."

"నాకూ అదే" అన్నాను. మాథ్యూకి ఆకులు, నా తమ్ముడికి సాదాదా? ఒప్పుకుంటానా?

ఆ పంతానికి తగిన శాస్తి జరిగింది. సూది మీద ఊలు ఒక చుట్టు అదనంగా వేసి, పక్కనున్న రెండు కుట్లూ కలిపి అల్లితే ఒక కన్నం పడుతుంది. వినడానికి ఇంతే. చేయబోతే తల ప్రాణం తోకకొచ్చింది. అల్లింది విప్పడం, విప్పింది అల్లడం. ఒక్కోసారి సూదులు విసిరికొట్టి వాకిట్లోకి పోయి నిలబడేదాన్ని. మళ్ళీ నేనే పోయి ఏరుకొచ్చేదాన్ని. కరుణాకుమారి ఒక్క మాట కూడా అనకుండా నా తప్పులు విప్పిపెట్టేది. ఆమె ఓర్పు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

ఇంకో సంగతి. ఈ రకం అల్లిక అల్లుతున్నంతసేపూ అందంగా ఉండదు. ముడుచుకుపోయి పీచులా ఉంటుంది. ఒకరోజు నా సంచీలోంచి అది బయటికి వేలాడుతుంటే మా వాడు చూసి "ఏందక్కా అది, అంట్లు తోముకునేదా?" అన్నాడు. "అవును, నీ మూతి తోమడానికి" అన్నాను. అంతకుమించి చెప్పలేదు. పూర్తయ్యాక భుజాల మీద వేసి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. చెప్పి ఉంటే ఈ కథే లేదు.

జూన్ మొదట్లో చివరి వరుస ముగించాను. గ్రూపులో ఫోటో పెడితే అందరూ చప్పట్లు కొట్టారు. కరుణాకుమారి ఫోన్ చేసింది.

"అక్కా, పని ఇంకా అయిపోలేదు. దాన్ని నీళ్ళలో తడిపి, మెల్లగా పిండి, చాప మీద బాగా లాగి పరచండి. అంచులన్నిటికీ గుండుసూదులు గుచ్చండి. ఆరేదాకా కదిలించొద్దు. అప్పుడు చూడండి మీ ఆకులు!"

మా ఇంట్లో పిల్లి కొత్తగా పిల్లల్ని పెట్టింది. ఊలు కనిపిస్తే వాటికి పండగ. అందుకని తడి శాలువ, మిగిలిన ఊలు ఉన్న సంచీ పట్టుకుని పక్కనే ఉన్న తమ్ముడింటికి పోయాను. మా వాడు లోపల నిద్రపోతున్నాడు. ముందు గదిలో చాప పరిచి, శాలువ లాగి, గుండుసూదులు గుచ్చాను. లాగుతుంటేనే కన్నాలు ఒక్కొక్కటీ నోరు తెరిచాయి. ఆకు పక్కన ఆకు, ఆకు కింద ఆకు. నా చేతులతో నేను చేశానా ఇది అనిపించింది. చెప్పడానికి సిగ్గెందుకు, అక్కడే కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మనుబోలు పోవాల్సి వచ్చింది. మా ఆడబిడ్డ కొత్త ఇంట్లో పాలు పొంగిస్తున్నారు. "చాప మీద దాన్ని ఎవర్నీ తొక్కనియ్యబాక" అని చెంచమ్మతో చెప్పి బస్సెక్కాను. చెంచమ్మ సరేనని, గంప ఎత్తుకుని తన పనికి తాను పోయింది. ఇంట్లో చిన్నపోలయ్య ఒక్కడే మిగిలాడు.

సాయంత్రం పొద్దుగూకక ముందే తిరిగొచ్చాను. వాడింటి గడప దాటి లోపలికి అడుగు పెట్టి, అట్లాగే నిలబడిపోయాను.

మా తమ్ముడు చాప పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో వల కట్టే సూది. ఆ సూదికి నా మిగిలిన ఊలు చుట్టి ఉంది. నుదుటి మీద చెమట. కళ్ళల్లో, ఏడాదిగా నేను చూడని వెలుగు.

"వచ్చినావా అక్కా?" అన్నాడు. "అంతా అయిపోయింది. ఈ చివర రెండు మిగిలినాయి, అంతే."

శాలువ మీద ఒక్క ఆకు లేదు. ప్రతి కన్నానికీ అడ్డంగా ఊలు కట్టి, వల ముడి వేసి, బిగించేశాడు. ఆకులున్నచోటల్లా పెసరగింజలంత ముడులు, ఇటు అంచు నుంచి అటు అంచు దాకా.

"నువ్వు కొత్తగా నేర్చుకున్నావు గదా, కుట్లు జారిపోయినట్టుండాయి" అన్నాడు వాడు. "ఎన్ని జారినాయక్కా! ఒంటినిండా బొక్కలే. నీకు చెప్పుకోను సిగ్గేసి, నన్ను కట్టమని పరిచిపెట్టి పొయ్యినావనుకున్నా. ఒక్కటి గూడా వదల్లేదు. ఎవురు చూసినా ఇంక నవ్వరు."

పరిచిపెట్టిన వలంటే మా వాళ్ళకు ఒకటే అర్థం: చిరుగులున్నాయి, కట్టు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నదాన్ని. చాప మీద లాగి పరిచి, గుండుసూదులు గుచ్చి, ఆ ఇంట్లోనే వదిలిపోయాను. నాకు తట్టలేదు!

"ఒరే మూర్ఖుడా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకాల వరసగా ఇంకా చాలా వచ్చాయి. అప్పుడే వంటింటి తలుపు దగ్గర చెంచమ్మ కనిపించింది. వాడి వీపు వెనక నిలబడి రెండు చేతులూ జోడించి నా వైపు చూస్తోంది. కళ్ళల్లో నీళ్ళు.

నాలుక కరుచుకున్నాను.

"బాగా కట్టావురా" అన్నాను. నా గొంతు నాకే వేరే ఎవరిదోలా వినిపించింది.

"కట్టనా మరి?" అని వాడు మిగిలిన రెండూ ముడివేసి, ఊలు పంటితో కొరికి తెంపాడు.

వాడు స్నానానికి పోయాక చెంచమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పొద్దన నేను పొయ్యేటప్పుడు గోడ తట్టు తిరుక్కోని పడుకోనుండె వదినా. వచ్చేసరికి కింద కూసోనుండాడు. ఏందో పాట గొణుక్కుంటా ఉండాడు. 'ఆకలేస్తాండాది, అన్నం బెట్టుమే' అని అడిగినాడు. నోరు తెరిచి అన్నం అడిగినాడు వదినా! అవి నువ్వు అల్లిన ఆకులని పొద్దన చాప మీద చూసినప్పుడే నాకు తెలుసు. చెప్పేదానికి నాకు నోరు రాలా."

ఇంటికి పోయి తలుపేసుకుని ఏడ్చాను. శాలువ కోసం కొంచెం, వాడి కోసం మిగతాది.

కరుణాకుమారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "తీసుకురండక్కా, నేను విప్పి సరిచేసిస్తా" అంది.

"వల ముడి విప్పేది కాదు తల్లీ. కత్తిరించాల. వాడి ముడి మీద నేను కత్తెర పెట్టను. అది అట్నే ఉండనీ. నువ్వు మాత్రం మాథ్యూకి చెప్పు, అవి ఆకులని మా వాడి కాడ నోరు జారొద్దని."

"చెప్తాలే. కానీ అక్కా..." అంది. తర్వాత "సరే, చూద్దాం" అని ఫోన్ పెట్టేసింది. ఆ 'కానీ' ఏమిటో నేను అడగలేదు. అడగాల్సింది.

వేట మొదలైన రోజు ఊరంతా ఒడ్డుకు పోయింది. పడవలకు పసుపు కుంకుమలు పెట్టి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయలు కొట్టి నీళ్ళలోకి తోశారు. ఇంజన్ల మోత మా వీధి దాకా వినిపించింది. చిన్నపోలయ్య పోలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నా తిరగలేదు. ఆ ఇంజన్లు ఒక్కొక్కటీ దూరమవుతుంటే వాడి వీపు బిగుసుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు శుక్రవారం. యుద్ధానికి పోయినట్టే పోయాను. ఏమేం తిట్టాలో, కాళ్ళావేళ్ళా పడాల్సి వస్తే ఎప్పుడు పడాలో అన్నీ అనుకునే పోయాను. చూస్తే వాడు ఉతికిన చొక్కా వేసుకుని, శాలువ మడిచి ఒళ్ళో పెట్టుకుని, బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఈ ఒక్కసారికి వస్తా" అన్నాడు. "మాథ్యూకి చెప్పినా, మా అక్క శాలువ మొత్తం నేనే బాగుచేసినానని. తెచ్చి చూపిస్తానన్నా. ఆయన చూస్తే చాలు. మంగళవారం నుంచి నన్ను అడగబాక."

దేనికోసమైతేనేం, కదిలాడు. సంతోషంగా బస్సెక్కాను. ఊరు దాటి రొయ్యల చెరువుల దగ్గరకు వచ్చాక, ఆ 'కానీ' ఏమిటో నాకు అర్థమైంది. మాథ్యూ శాలువ కూడా ఆకులదే. కరుణాకుమారి చేత్తో అల్లింది, ఒక్క కన్నం తప్పనిది. ఆ పక్క మంచం మీదే, వీడి కళ్ళ ముందే ఉంటుంది. వీడు తన పనితనం చూపించడానికి పోతున్నాడు. పోయి, ఏడాది తర్వాత చేసిన ఆ ఒక్క పనీ తప్పని తెలుసుకుని వస్తాడు. ఆ తర్వాత వీణ్ణి మంచం మీద నుంచి ఎవరు లేపగలరు?

బస్సు దిగి ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. కరుణాకుమారి హాలు గుమ్మంలోనే ఎదురొచ్చింది. మా వాణ్ణి నర్సమ్మ లోపలికి తీసుకుపోయింది.

"ఆపుదామనే అనుకున్నానక్కా" అంది కరుణాకుమారి నా రెండు చేతులూ పట్టుకుని. "ఆయనకు వేరే దుప్పటి కూడా తెచ్చా. కానీ మిషన్ పెట్టగానే వణుకు మొదలైంది. మెడ దాకా కప్పుకున్నదాన్ని తీసెయ్యమని ఎట్లా చెప్పను?"

చెప్పలేదు. నేనైనా చెప్పేదాన్ని కాదు.

హాల్లో ఆ రోజు పండగలా ఉంది. అందరూ శాలువలు తెచ్చారు. ఒకరిది పొడుగైంది, ఒకరిది వంకరపోయింది, ఎవరో మైసూర్‌పాకు పంచారు. నా నోట్లో ముక్క అలాగే ఉండిపోయింది. లేచి వార్డు తలుపుకున్న అద్దంలోంచి చూశాను. పక్కపక్క మంచాలు. మాథ్యూ భుజాల మీద ఆకులు నిండుగా విచ్చుకుని ఉన్నాయి. మా వాడి భుజాల మీద ముడులు. మా వాడు తల తిప్పి మాథ్యూ శాలువనే చూస్తున్నాడు. తర్వాత కుడి చెయ్యి చాపి, దాని అంచు పట్టుకుని, ఒక కన్నంలో చూపుడువేలు దూర్చాడు. దాని పక్క కన్నంలో దూర్చాడు. మాథ్యూ ఏదో అన్నాడు.

నేను వచ్చి బెంచీ మీద కూలబడ్డాను. కరుణాకుమారి నా పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. నేనూ కళ్ళు మూసుకున్నాను. ఎవరికి మొక్కానో నాకే తెలియదు.

తిరుగు బస్సు ఇందుకూరుపేట దాటింది. అంత ఉక్కలోనూ శాలువ భుజాల మీదే ఉంది. దాని అంచు పట్టుకుని ఒక్కొక్క ముడినీ బొటనవేలితో తడుముతున్నాడు.

"అక్కా."

"ఊ."

"మాథ్యూ శాలువకు గూడా బొక్కలుండాయి."

"ఉంటే ఉండనీ."

"అవి ఆకులంట."

నేను కిటికీ వైపు తిరిగాను.

"మాథ్యూ చెప్పలా. నేనే గుచ్చి గుచ్చి అడిగినా. నీ దాంట్లో గూడా ఆకులేనా?"

నాకు తిట్టడం వచ్చినంత బాగా అబద్ధమాడడం రాదు. "ఆకులే" అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ."

వాడు ఒక ముడిని గోటితో గీకాడు. "నువ్వు రెండు నెలలు కూసోని అల్లినావు. నేను ఒక్క పూటలో పూడ్చిపెట్టేసినా. ఆ రోజే ఎందుకు చెప్పలా?"

అంతే, ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న కోపమంతా తన్నుకొచ్చింది. బస్సులో ఉన్నామని కూడా చూడలేదు.

"చెప్పి? చెబితే నువ్వు మళ్ళా గోడ తట్టు తిరుక్కోని పడుకునేదానికా? ఏడాదికి నీ చేతిలో సూది చూసినాన్రా నేను! నోరు తెరిచి అన్నం అడిగినావని నీ పెళ్ళాం ఏడ్చింది. ఆకులెందుకురా నాకు? ఆకులు యాడైనా దొరుకుతాయి. నువ్వు యాడ దొరుకుతావు?"

కండక్టరు టికెట్ల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. మా వాడు తల దించుకున్నాడు. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. వణుకు మళ్ళీ వచ్చిందేమోనని శాలువ దగ్గరికి లాగబోయాను. చూస్తే నవ్వుతున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, చప్పుడు లేకుండా, ఒళ్ళంతా ఊగిపోయేటట్టు నవ్వుతున్నాడు.

"అన్ని కుట్లు జారినాయంటే..." అన్నాడు ఊపిరందక. "మా అక్కకు ఇంత చేతగాదా దేవుడా అనుకున్నానక్కా. కట్టేకొద్దీ వస్తానే ఉండాయి. జాలేసింది నీ మీద."

"జాలా? నా మీదా?" అన్నాను. ఆపుకోలేక నేనూ నవ్వాను. ముక్కు చీదుకుంటూ, పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వాను.

బస్సు మా ఊరి వంపు తిరిగింది. కొబ్బరిచెట్ల సందుల్లోంచి సముద్రం కనిపించింది. దూరంగా పడవలున్నాయి. వాడు వాటిని చూశాడు. చూసి, ఈసారి మొహం తిప్పుకోలేదు. ముందు సీటు కడ్డీ పట్టుకుని మెల్లగా లేచాడు.

"వచ్చే ఎండాకాలం ఇంకొకటి అల్లక్కా" అన్నాడు. "ఆకులదే అల్లు. ఈతూరి నేను దాని జోలికి రాను."

వచ్చే ఎండాకాలం! ఏడాదిగా రేపటి మాట ఎత్తని మనిషి. వాడి చెయ్యి పట్టుకుని బస్సు మెట్లు దించాను.

"రాకపోతే కాళ్ళిరగ్గొడతా" అన్నాను. "రా. వచ్చి అన్నీ కట్టెయ్యి."